మాస్కు ఎక్కడ పారేశారు?



2020 మార్చిలో అందరి నోళ్లలో నానిన మాట ‘సామాజిక దూరం’. అదే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘భౌతిక దూరం’ అనడం మొదలుపెట్టింది. మన దగ్గర మాత్రం పాత మాటే నిలిచింది. ఊరికీ వాడకీ మధ్య ఎప్పటినుంచో అలవాటైన దూరం కదా!

మా అమ్మ పారిశుద్ధ్య కార్మికురాలు. మార్చి 22న చప్పట్లు కొట్టిన వీధిలోనే మర్నాడు చెత్తబండి తోసింది. గేటు దగ్గర ‘అక్కడే ఆగు’ అన్నారు. సరే, జాగ్రత్తే అనుకుందాం. తర్వాతి నెలల్లో అవే ఇళ్ల నుంచి వాడేసిన మాస్కులు అన్నం మెతుకుల్లో, కూరగాయల తొక్కల్లో కలిసి వచ్చేవి. చిరిగిన గ్లౌజులతో అమ్మే వాటిని ఏరేది. వాడిన మాస్కును కత్తిరించి, కాగితపు సంచిలో కనీసం 72 గంటలు ఉంచాకే పారేయాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ ఏడాదే చెప్పింది. ఆ వీధిలో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ఆ జాగ్రత్త తమ కోసం కాదు మరి.

ప్రజల అవగాహన మీద సర్వే అంటే మనం అడిగేదేమిటి? మాస్కు పెట్టుకున్నారా, చేతులు కడుక్కున్నారా. ఆ ఇళ్లకు నూటికి నూరు మార్కులు. ఒకే కొళాయి దగ్గర బిందెలతో వరుస కట్టిన మా వాడ ‘నిర్లక్ష్యం’ గడిలో పడుతుంది. నా ప్రశ్నావళి మొదటి ప్రతిలో నేనూ అవే అడిగాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అమ్మకు చదివి వినిపిస్తే, “తీసి ఎక్కడ పారేశారో అడగవా?” అంది.

ఇప్పుడు అది మూడో ప్రశ్న.