త్రోవలో నిలిచిన స్కూటరు

పాత స్కూటర్లపై కొందరు మిత్రులు వరుసగట్టి శృంగవరపుకోట దాటి, అరకులోయకు పోవు అనంతగిరి ఘాటు నెక్కుచుండగా, వానిలో నొకటి రెండుమారులు దగ్గి ఆగిపోవుట వింతయేమియు గాదు. రెండు స్ట్రోకుల యంత్రమున పెట్రోలులో కలిపిన నూనెయే పిస్టనును కాపాడవలెను. అది మితిమీరినచో ప్లగ్గు మొనల నడుమ మసి పేరుకొని నిప్పురవ్వ పుట్టకుండ జేయును, కొరవడినచో పిస్టను కాగి సిలిండరులో బిగిసికొనును. మొదటిది పది నిమిషముల పని. రెండవది లారీపై ఇల్లు చేరవలసిన పని.

కావున వేడి తగ్గనిచ్చి ప్లగ్గు విప్పి చూడవలెను. దాని మొన గోధుమవన్నెగా నున్నచో యంత్రము ఆరోగ్యముగా నున్నట్లే. నల్లగా తడిసియున్నచో గరుకు కాగితముతో రుద్ది, తుడిచి, మరల బిగింపవచ్చును. బొత్తిగా పొడిగా నున్నచో పెట్రోలు రాలేదన్నమాట, కుళాయి రిజర్వుకు త్రిప్పి చూచుట మేలు. ఇంతలో చుట్టుచేరిన మిత్రులందరును తలకొక సలహా నిత్తురు. ఆ బాధకు మాత్రము పనిముట్టు లేదు.

పంక్చరైనచో చింతలేదు. 1946లో వెలువడిన వెస్పా స్కూటరును రూపొందించిన ఇటలీ దేశీయుడు కొర్రాదీనో దస్కానియో విమాన నిర్మాణ నిపుణుడు, పైగా మోటారుసైకిళ్లు గిట్టనివాడు. ఆయన చక్రమును ఒక్క ప్రక్కనే ఆని నిలుపుటచేత దానిని విప్పి మార్చుట మిక్కిలి సుకరమైనది. ఇక బృందమున నెమ్మదియైన బండిని ముందును, పనిముట్లు గలవానిని కట్టకడపటను నడిపింపవలెను. లేనిచో ముందుపోయినవారికి వెనుకటి కబురు లోయ చేరినదాక తెలియదు.