క్యాన్సరు: ముందు పరీక్ష, పిదప బాధ్యత

హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిమీద సూర్యాపేట, కోదాడ పట్టణములు వచ్చును. ఆ దారికి దక్షిణముగా మిర్యాలగూడ కలదు. నాగార్జునసాగరు ఎడమ కాలువ నీరు పారు ఆ ప్రాంతమున వరి మెండు. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపడిన ఊరు. ఆ పొలములలో నారు పీకి, నాట్లు వేసి, కలుపు తీయు చేతులు చాలవరకు స్త్రీలవే. అట్టి స్త్రీ ఒకతెకు ఆరోగ్య కేంద్రమునుండి పిలుపు వచ్చినదనుకొనుడు. "అక్కా, మీకు ముప్పై దాటినయి గద, ఒక చిన్న పరీక్ష ఉన్నది, రండి" అని నర్సు పిలుచును. "నాకేం బాధ లేదు సిస్టరమ్మా. నాట్ల దినాలు. ఇయ్యాల వస్తె కూలి పోతది" అని ఆమె బదులు చెప్పును.

ఆమె మాటలో తెలివిలేనితన మేమియు లేదు. జబ్బుపడినవాడు వైద్యుని వెదకుకొని పోవుట లోకసహజము. ఏ బాధయు లేని మనిషిని వైద్యుడే పిలిచి పరీక్షించుట అట్టిది కాదు. అట్లు పిలుచువాడు ఆ పిలుపునకు తగిన కారణము చూపవలెను. పరీక్ష తరువాత ఏమి చేయునో ముందే చెప్పగలిగి యుండవలెను. ఈ రెండు ప్రశ్నలకు మన దేశపు పల్లెలలోనే సమాధానము వెదకిన పరిశోధకుడు డాక్టరు రెంగస్వామి శంకరనారాయణన్. ఆయన తిరువనంతపురములోని ప్రాంతీయ క్యాన్సరు కేంద్రమున పనిచేసి, 1993లో ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమందలి అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థకు పోయి, అక్కడ ముందు పరీక్షల విభాగమునకు నాయకత్వము వహించెను. ఆయన పరిశోధనలు తెలుగువారి ఊళ్లను సమీపముగా తాకినవి. అందుచేత వానిని గూర్చి నేడు ముచ్చటించుట యుక్తము.

మొదట వ్యాధి స్వభావము. స్త్రీల గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరు హఠాత్తుగా పుట్టదు. హ్యూమన్ పాపిలోమా అను వైరస్ దానికి మూలమని కనుగొన్న జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించినది. ఈ వైరస్ చాలమందికి సోకును. అధిక సంఖ్యాకులలో రెండు మూడేండ్లలో తనంతట తానే పోవును. కొందరిలో మాత్రము నిలిచిపోయి, అక్కడి కణములను మెల్లమెల్లగా మార్చును. ఆ మార్పు క్యాన్సరుగా ముదురుటకు సాధారణముగా పది యేండ్లకు పైగా పట్టును. ఆ కాలమంతయు స్త్రీకి నొప్పి యుండదు, రక్తస్రావ ముండదు. వైద్యునికి దొరికిన గడువు అదియే. అప్పుడు కనుగొన్నచో, చెడిన భాగమును చలిచేతనో వేడిచేతనో కొద్ది నిమిషములలో నశింపజేయవచ్చును. గడువు దాటినచో పెద్ద శస్త్రచికిత్స, కిరణచికిత్స, నెలల తరబడి పట్నవాసము, అప్పులు. మన దేశమున 2022లో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా వచ్చినదనియు, సుమారు 80,000 మంది దానివలన మరణించిరనియు అంతర్జాతీయ అంచనా.

ఈ గడువులో వ్యాధిని పట్టుకొనుటకు మూడు విధములైన పరీక్షలు కలవు. ఒకటి పాపనికొలావ్ అను వైద్యుని పేర వచ్చిన పాప్ పరీక్ష. కణములను గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినితో చూతురు. ఇందుకు తర్ఫీదు పొందిన కన్ను, మంచి ప్రయోగశాల కావలెను. రెండవది మిక్కిలి తేలికైనది: వెనిగరులో నుండు ఆమ్లమును పలుచగా చేసి ముఖద్వారముపై అద్దుదురు, చెడిన చోటు నిమిషములో తెల్లబడును, తర్ఫీదు పొందిన నర్సే చూచి చెప్పగలదు. మూడవది వైరస్ ఉన్నదో లేదో తెలిపెడి పరీక్ష. ఖర్చు ఎక్కువ, యంత్రము కావలెను. మన పల్లెలకు ఏది తగును? గదిలో కూర్చుండి తేల్చగల విషయము కాదిది.

శంకరనారాయణన్, ముంబయి టాటా స్మారక కేంద్రము, బార్షీలోని నర్గీస్ దత్ స్మారక క్యాన్సరు ఆస్పత్రి వైద్యులు కలసి 1999లో ఉస్మానాబాదు జిల్లాలో పెద్ద పరిశోధన ప్రారంభించిరి. ఆ జిల్లాకు 2023లో ధారాశివ్ అని పేరు మారినది. మన శ్రోతలలో పెద్దవారికి ఉస్మానాబాదు పరాయి పేరు కాదు. 1956 వరకు అదియు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలు గల నల్లగొండయు ఒకే హైదరాబాదు రాష్ట్రములోని జిల్లాలు. అక్కడను వర్షము నమ్ముకొన్న పైరులు, కూలికి పోవు స్త్రీలు, దూరమున నున్న ఆస్పత్రులు. అక్కడ తేలిన సత్యము మనకు పనికివచ్చు సత్యము.

ఆ జిల్లాలో 497 గ్రామములను 52 సముదాయములుగా విభజించి, 30 మొదలు 59 యేండ్ల లోపు స్త్రీలను 1,31,746 మందిని నాలుగు వర్గములు చేసిరి. మూడు వర్గములకు పైన చెప్పిన మూడు పరీక్షలలో ఒక్కొక్కటి ఒక్కొక్కసారి చేసిరి. నాలుగవ వర్గమునకు ఆ ప్రాంతమున అప్పటికి అందుచున్న మామూలు వైద్యమే. ఎనిమిదేండ్లు గమనించి 2009లో ఫలితములు ప్రకటించిరి. వైరస్ పరీక్ష పొందిన 34,126 మందిలో ఈ క్యాన్సరువలన మరణించినవారు 34 మంది. పరీక్ష పొందని 31,488 మందిలో 64 మంది. ముదిరిన స్థితిలో బయటపడిన క్యాన్సర్లు మొదటి వర్గమున 39, చివరి వర్గమున 82. జీవితములో ఒక్కసారి చేసిన పరీక్షతో మరణములు దాదాపు సగమునకు తగ్గినవి. పాప్ పరీక్షతో గాని, ఆమ్లపు పరీక్షతో గాని అక్కడ అంత స్పష్టమైన తగ్గుదల కానరాలేదు. కాని తమిళనాడులోని దిండుక్కల్ జిల్లాలో ఆమ్లపు పరీక్షయే మరణములను నూటికి 35 వంతులు తగ్గించినదని ఈ శంకరనారాయణనే 2007లో తెలిపియుండెను. అనగా కంటితో చూచు పరీక్ష ఫలము చూచువారి నేర్పుమీద, పిదప జరుగు చికిత్సమీద ఆధారపడును.

ఇక్కడ ఒక్క క్షణము ఆగవలెను. పరీక్ష పొందని ఆ 64 మంది కేవలము అంకెలు కారు. వారిని పరీక్షలేక వదలుట న్యాయమా అని పరిశోధనను విమర్శించినవారు కలరు. ఆ ప్రాంతమున అదివరకు పరీక్ష అనునదే లేదు కనుక మామూలు వైద్యముతోనే పోల్చితిమని పరిశోధకుల సమాధానము. ఈ వాదములో ఎవరి పక్షము వహించినను ఒక్కమాట నిజము: ఆ స్త్రీల వలన తెలిసిన దానిని మిగిలిన జిల్లాలలో వాడుకొనకపోవుట రెండవ అన్యాయ మగును.

కోదాడనుండి ఈశాన్యముగా పోయినచో ఖమ్మము వచ్చును. 2009లో ఆ జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో పాత్ అను అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కలసి, పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు ఈ వైరస్‌ను అడ్డగించు టీకా వేయించినవి. తరువాత కొందరు బాలికలు మరణించిరి. టీకావలన కాదని విచారణలో తేలినది. కాని అదే విచారణలో మరొకటియు తేలినది. వసతిగృహములలో నున్న అనేక బాలికల విషయమున తలిదండ్రులను అడుగవలసినచోట వార్డెన్లే అనుమతి పత్రములపై సంతకములు చేసిరి. 2010 ఏప్రిలులో ప్రభుత్వము ఆ కార్యక్రమమును నిలిపివేసినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము ఈ వ్యవహారమును తీవ్రముగా విమర్శించినది.

ఆ నిలుపుదలతో సంబంధములేని మరొక పరిశోధనయు ఆగిపోయినది. మూడు మోతాదుల టీకా అవసరమా, రెండు చాలునా అని తెలిసికొనుటకు శంకరనారాయణన్ బృందము 2009 సెప్టెంబరులో దేశమందలి పలు కేంద్రములలో ప్రారంభించిన పని అది. నడుమ ఆగుటచేత 4,950 మంది బాలికలకు ఒక్క మోతాదే అందినది. పరిశోధకులు నిరాశపడి కాగితములు కట్టిపెట్టలేదు. ఆ బాలికలు పెద్దవారై, పెండ్లిండ్లు చేసికొనువరకును గమనించుచునే యుండిరి. ఒక్క మోతాదు పొందినవారికిని రక్షణ ఇంచుమించు మూడు మోతాదుల వారికి వలెనే కలదని 2021లో ప్రకటించిరి. మరుసటి యేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు పద్ధతిని ఆమోదించినది. ఖర్చు తగ్గినది, అనేక పేద దేశములకు దారి తెరచుకొన్నది. ఖమ్మములో అడుగకపోవుట వలన పోయిన నమ్మకము మాత్రము అంత సులభముగా తిరిగి రాలేదు. టీకా మాట ఎత్తిననే భయపడు కుటుంబములు మిగిలిపోయినవి.

భారత ప్రభుత్వము 2016లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ముప్పది దాటినవారిని అయిదేండ్ల కొకసారి పరీక్షింపవలెనని విధానము ప్రకటించి, ముఖద్వారమునకు ఆమ్లపు పరీక్షను ఎన్నుకొన్నది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైరస్ పరీక్షకే ప్రాధాన్య మిచ్చినది. విధానము కాగితముమీద నున్నది. కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 మొదలు 49 యేండ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఎన్నడైన చేయించుకొన్నవారు దేశమున నూటికి ఇద్దరైనను తేలలేదు.

లోపము స్త్రీలదే యనుట తేలిక. నాట్లనాడు పరీక్ష పెట్టి, రాలేదని నిందించుట న్యాయము కాదు. పనులు లేని మాసములు చూచి, సాయంకాలపు వేళ, ఊరిలోనే పెట్టవచ్చును. వైరస్ పరీక్షకు కావలసిన నమూనాను స్త్రీ తానే మరుగున తీసి యియ్యవచ్చును. సిగ్గు అడ్డు రాదు. అంతకంటె ముఖ్యము పిదప దారి. పరీక్షలో అనుమానము తేలిన స్త్రీకి ఎక్కడికి పోవలెనో, ఎవరిని కలియవలెనో, ఏనాడు పోవలెనో వ్రాసి చేతి కియ్యవలెను. సూర్యాపేటలో 2019నుండి ప్రభుత్వ వైద్య కళాశాల కలదు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రి 1955నుండి పేదలను ఆదుకొనుచున్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద చికిత్సల ఖర్చు భరించుటకు ఏర్పడినది. కాని పల్లెకును ఆ తలుపునకును నడుమ వందకు పైగా కిలోమీటర్లు కలవు. ఆ నడిమి దూరమున దారితప్పిన స్త్రీని పరీక్షించుటయు, పరీక్షింపకుండుటయు ఒక్కటే. పరీక్షించి వదలివేసిన స్త్రీకి మిగులునది భయము మాత్రమే.

ఇంటింటను గుర్తుంచుకొనవలసినవి కొన్ని. వైరస్ ఉన్నదని తేలిన మాత్రమున క్యాన్సరు కాదు. మరల చూపించుకొనుమని అర్థము. అది నడతకు మచ్చయు కాదు. ముట్లుడిగిన పిదప రక్తము కనబడినను, కలయిక తరువాత రక్తస్రావమైనను, దుర్వాసనతో తెలుపు పోవుచున్నను శిబిరము కొరకు ఆగక వెంటనే వైద్యుని చూడవలెను. ఇక మగవారు తమకు సంబంధములేదని రేడియో కట్టివేయరాదు. గుట్కా, ఖైనీ, జర్దా, బీడీ, చుట్ట వాడువారి నోటిని ఆరోగ్య కార్యకర్త వెలుతురులో తెరచి చూచుటచేతనే, పొగాకు గాని మద్యము గాని వాడువారిలో నోటి క్యాన్సరు మరణములు నూటికి 34 వంతులు తగ్గినవని తిరువనంతపురపు పరిశోధన 2005లో తెలిపినది.

నాట్ల పొలములోని ఆ స్త్రీ యొద్దకు మరల పోదము. "నాకేం బాధ లేదు" అన్నది గద. "బాధ లేనప్పుడే చూడవలసిన జబ్బు ఇది అక్కా. ఏమైన తేలితే ఏ ఆస్పత్రికి పోవలెనో నేనే వెంట వచ్చి చూపిస్త. ఇష్టమైతేనే చేయించుకోండి" అని నర్సు చెప్పగలుగునాడు, ఆ మాట చెప్పుటకు ఆమెకు తగిన తర్ఫీదును, బండియు, తీరికయు ప్రభుత్వము కల్పించునాడు, ఉస్మానాబాదు స్త్రీలు ఇచ్చిన పాఠము మన యూరు చేరినట్లు లెక్క.