పడవకు రెండు జెండాలు

(సంఘ సర్వసభ్య సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ భవనమునకు క్రొత్త బోర్డు వ్రాయింపవలెనని నిశ్చయించితిమి. దానిపై ఏ గుర్తు ఉండవలెనను ప్రశ్న రాగానే కార్యవర్గము మూడు చీలికలైనది. ఒకరు పూర్ణకుంభమనిరి. ఒకరు కాకతీయ తోరణమనిరి. మూడవ పక్షమువారు, "ఏ గుర్తును వలదు, ఇరుగుపొరుగు మరాఠీవారు ఏమనుకొందురో" యనిరి. ఆ మూడవ మాట నా మనస్సున ముల్లువలె నాటుకొనినది. అప్పుడు నాకు ముంబయిలో చూచిన యొక జెండా సంగతి జ్ఞప్తికి వచ్చినది. నేను గుడ్డల వర్తకుడను, నావికుడను గాను. తప్పులున్న మన్నింపుడు.

ముంబయిలో అపోలో బందరు చెంత, గేట్‌వే ఆఫ్ ఇండియాకు సమీపమున, రాయల్ బాంబే యాచ్ క్లబ్బు అను తెరచాప పడవలవారి సంఘము కలదు. అది 1846 లో ఏర్పడినది. 1876 లో విక్టోరియా రాణి దానికి 'రాయల్' అను బిరుదునిచ్చి, ప్రత్యేకమైన నీలి పతాకను ఎగురవేయు హక్కును ప్రసాదించెను. ఆ నీలి గుడ్డపై కిరీటము, దాని క్రింద 'హిందూదేశ తార' యను ఐదు మొనల నక్షత్రము ఉండెడివి. ఆ తార పేరిటనే బ్రిటిషువారు మన సంస్థానాధీశులకు బిరుదులిచ్చుచుండిరి. నిజాము ప్రభువులును దానిని ధరించినవారే. విచిత్రమేమనగా, హిందూదేశ తారను ఎగురవేసిన ఆ క్లబ్బులో స్వాతంత్ర్యమునకు పూర్వము హిందూదేశీయులకు సభ్యత్వము లేదు! గుర్తు మనది, గుమ్మము మాత్రము మనది కాదు. 1881 లో వారు కట్టుకొనిన పాత భవనము తరువాత కాలమున మన అణుశక్తి శాఖ కార్యాలయమైనది.

పడవలవారి జెండాలకు గట్టి నియమములు కలవు. తెరచాపకొయ్య చివర ఎగురునది క్లబ్బు జెండా. దానిని 'బర్జీ' యందురు, సాధారణముగా ముక్కోణముగా నుండును. పడవ వెనుక కొసన ఎగురునది దేశపతాక. క్లబ్బు అధ్యక్షుని 'కమొడోరు' అందురు. ఆయన జెండా కొస పాము నాలుకవలె రెండుగా చీలియుండును. ఉపాధ్యక్షుని జెండాపై ఒక బంతి గుర్తు, ఆయన క్రిందివానికి రెండు బంతులు. పదవి తగ్గిన కొలది బంతులు పెరుగుటను మన సంఘములలో ప్రవేశపెట్టినచో ఎందరు ఒప్పుకొందురో!

నన్ను ఆకర్షించిన నియమము వేరొకటి కలదు. బ్రిటిషు నౌకాశాఖ అనుమతితో ప్రత్యేక పతాకను పొందిన పడవవాడు, క్లబ్బు బర్జీ కూడ ఎగురుచుండిననే గాని దానిని ఎగురవేయరాదు. సంఘపు గుర్తును దించివేసినవానికి ఆ పతాక గౌరవమును లేదు. పడవ పరదేశపు రేవు చేరినప్పుడు మాత్రము, ఆ దేశపు చిన్న జెండానొకదానిని మర్యాదకై కుడివైపున కట్టుదురు.

మనలో కొందరు మనము ఆ మర్యాద జెండా కట్టవలసిన అతిథులమని తలంచుచున్నారు. నేనొప్పుకొనను. మా తాతగారి కాలమున ఈ నాందేడుపై ఆసఫ్‌జాహీల పసుపు జెండా, నడుమ కుల్చా రొట్టె గుర్తుతో, ఎగురుచుండెను. 1948 సెప్టెంబరులో ఆ ప్రభుత్వము తొలగినది. త్రివర్ణ పతాక వచ్చినది. 1956 నవంబరు 1 న హైదరాబాదు రాష్ట్రము విడిపోగా మనము బొంబాయి రాష్ట్రమున చేరితిమి. 1960 మే 1 న మహారాష్ట్రము ఏర్పడినది. ఇన్ని మారినను మా ఇంటి గడప అంగుళమైనను జరుగలేదు. ఇది మాకు పరదేశపు రేవెట్లగును?

ఇక దేశపతాక విషయమున మనకెవరును పాఠము చెప్పనక్కరలేదు. 1921 లో బెజవాడయందు గాంధీగారికి జెండా నమూనా సమర్పించినవాడు భట్లపెనుమఱ్ఱు గ్రామమున జన్మించిన పింగళి వెంకయ్యగారు. నేటి రూపమును రాజ్యాంగసభ 1947 జూలై 22 న అంగీకరించినది. ఆ జెండాలను మన ఊరి మరాఠ్వాడా ఖాదీ గ్రామోద్యోగ సమితి తయారుచేయుచున్నది. 2021 డిసెంబరులో నియమము సడలించి, యంత్రముపై చేసిన పాలియెస్టరు జెండాలను కూడ అనుమతించిరి. అవి చౌక, నిజమే. అయినను నా అంగడిలో ఖాదీ జెండాయే దొరకును.

కావున గుర్తు వలదనుట నాకు సమ్మతము గాదు. గురుద్వారాపై నిశాన్ సాహిబ్ దినదినము ఎగురుచున్నది. దానిని చూచి సిక్కు సోదరులను ఈ ఊరివారు కారని అన్నవారెవరు?

అయితే పూర్ణకుంభమా, తోరణమా? మొదటిది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ముద్రయందున్నది. రెండవది చార్మినారుతో కలిసి 2014 నుండి తెలంగాణ ప్రభుత్వ ముద్రయందున్నది. రెండును పూజనీయములే. కాని ఒకదానిని పెట్టినచో రెండవవారి పిల్లలు మన గుమ్మము దగ్గర ఆగిపోవుదురు. పైగా అవి ప్రభుత్వముల ముద్రలు, మన బర్జీలు గావు. ఒకరి ముద్రను తెచ్చి మన తలుపునకు అంటించుకొనుట వర్తక మర్యాదయు గాదు. బేళ్లపై ఎవరి మార్కా వారిదే గదా.

నా సూచన యిది. త్ర్యంబకమున పుట్టిన గోదావరి మన నాందేడు ఘట్టములను తాకి, కందకుర్తి దగ్గర తెలంగాణము ప్రవేశించి, బాసర, భద్రాచలము, రాజమహేంద్రవరము మీదుగా సముద్రమున కలియుచున్నది. మూడు అలలు, వానిపై ఒక చిన్న పడవ. క్రింద సంఘము పేరు పైవరుసను మరాఠీలో, రెండవ వరుసను తెలుగులో. "అలలు గీచినంత మాత్రాన గోదావరియని ఎవరికి తెలియును?" అని ఒక పెద్దలు ఇదివరకే అడిగిరి. అడుగుట న్యాయమే. దానికి నా దగ్గర జవాబు లేదు. పిల్లలు అడిగినప్పుడు మనమే చెప్పవలెను.

నమూనాను తెల్లని ఖాదీ గుడ్డపై వ్రాయించి తెచ్చితిని. వచ్చే ఆదివారము వరకు అది హాలులో వ్రేలాడుచుండును. మిగిలిన రెండు పక్షములవారును తమ నమూనాలను ప్రక్కనే కట్టవచ్చును, గుడ్డ నేనిచ్చెదను. పేరు వ్రాయనక్కరలేదు, చీటిపై అభిప్రాయము వ్రాసి పెట్టెలో వేయుడు. స్త్రీలును తప్పక వేయవలెను.