కళింగపట్నం చూసొద్దాం



అరసవల్లి ఆడవాళ్లు ఒకరోజు యాత్రకు బయలుదేరారు అనుకోండి. చద్దిమూటలు కట్టుకున్నారు. ముందు శాలిహుండం కొండ ఎక్కారు. అక్కడ బౌద్ధుల స్తూపాలున్నాయి. సుమారు 2000 ఏళ్ల నాటివి. కింద వంశధార మెరుస్తోంది. ఎంత బాగుందో!

తర్వాత కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. ఒకప్పుడు ఓడల రేవు. పిల్లలు నీళ్లలోకి పరుగు తీశారు. అరసవల్లి గుడి పుష్కరిణిలో మునగడం వాళ్లకు అలవాటే. కానీ కోనేటి నీరు కదలదు. సముద్రం అలా కాదు.

వల బాగుచేసుకుంటున్న తాత కేకేశాడు. "ఓలమ్మా, ఆగండి! ఏరు కలిసేకాడ నీరు లోపలికి లాగేస్తాది. పైకి అగుపడదు. పిల్లల్ని ఒగ్గేయకండి. ఎవరైనా కొట్టుకుపోతే ఎనకాల దూకకండి. తాడో, మూతున్న ఖాళీ డబ్బావో ఇసరండి. అది పట్టుకుని తేలతారు."

ఎవరూ మోకాలిలోతు దాటలేదు. సాయంత్రం పిల్లల్ని లెక్కపెట్టుకున్నారు. అందరూ ఉన్నారు. బస్సెక్కారు.