ఎన్నికల మాట, సెనేటులో ఓటు

ఎన్నికలనాడు అభ్యర్థి చెప్పిన మాటను, గెలిచిన పిమ్మట అతడు వేసిన ఓటును ప్రక్కప్రక్కన పెట్టి చూచుట మనకు అంతగా అలవాటు లేదు. వాగ్దానమును వినిపించుటకు మా రేడియోవారికి ఎల్లప్పుడును సమయము దొరకును. దాని బాకీ లెక్క చూచుటకు మాత్రము దొరకదు. నేడు ఒక దూరదేశపు వృత్తాంతమును తీసికొని ఆ లెక్క చూడ యత్నింతుము.

మన దేశమున తుపాకి కలిగియుండుట 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద లైసెన్సుపై లభించు అనుమతి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అది హక్కు. 1791లో ఆ రాజ్యాంగమునకు చేరిన రెండవ సవరణ దానికి ఆధారము. ఈ భేదమును మరచినచో ఇక చెప్పబోవునది శ్రోతలకు వింతగా తోచును.

2010లో వెస్ట్ వర్జీనియా గవర్నరుగా నుండిన జో మాంచిన్ సెనేటునకు పోటీచేసెను. ఆ రాష్ట్రము కొండల సీమ, బొగ్గుగనుల సీమ; వేట అచ్చటి జనులకు తాతల నాటి వాడుక. మాంచిన్ టెలివిజను ప్రకటనలో రైఫిలు చేతబట్టి, సెనేటరుగా రెండవ సవరణ హక్కులను కాపాడెదననియు, నేషనల్ రైఫిల్ అసోసియేషను తనను బలపరచుట అందువలననే యనియు చెప్పెను. పిమ్మట, కర్బన వాయువులకు పరిమితి విధించు బిల్లు ప్రతి నొకదానిని గురిచూచి కాల్చెను. ఎన్నికలో గెలిచెను.

2012 డిసెంబరు 14వ తేదీన కనెక్టికట్ రాష్ట్రమున శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఒక యువకుడు 20 మంది పసిబిడ్డలను, ఆరుగురు పెద్దలను కాల్చి చంపెను. ఆ బిడ్డలు ఆరేడేండ్లవారు.

అప్పుడు మాంచిన్ పెన్సిల్వేనియా సెనేటరు పాట్ టూమీతో కలసి ఒక ప్రతిపాదన తెచ్చెను. 1993 నాటి బ్రాడీ చట్టము ప్రకారము, కొనువాడు నేరస్థుడా, నిషిద్ధుడా యని విచారింపవలసిన బాధ్యత లైసెన్సుగల వర్తకునిదే. తుపాకుల సంతలలోను, ఇంటర్నెట్ ప్రకటనల ద్వారాను స్వంత తుపాకి నమ్ముకొనువానికి ఆ బాధ్యత లేదు. ఆ సందును మూయుటయే ప్రతిపాదన ఉద్దేశము. బంధుమిత్రుల నడుమ చేతులు మారు తుపాకులను అది విడిచిపెట్టెను. తుపాకులు గలవారి పట్టిక ప్రభుత్వము తయారుచేయరాదనియు, చేసిన యధికారికి 15 ఏండ్ల వరకు కారాగారమనియు అందే వ్రాసిరి. 2013 ఏప్రిల్ 17న 54 మంది అనుకూలముగను, 46 మంది ప్రతికూలముగను ఓటు వేసిరి. 60 ఓట్లు కావలసియుండెను గనుక అది వీగిపోయెను. సైనిక తరహా తుపాకులను నిషేధింపవలెనన్న మరియొక ప్రతిపాదనకు ఆనాడే మాంచిన్ వ్యతిరేకముగా ఓటు వేసెను. ఈ సంగతిని ఆయనను తిట్టినవారు చెప్పరు.

మునుపు బలపరచిన అసోసియేషనే ఆయన రాష్ట్రములో ఆయనపై ప్రకటనలు సాగించెను. మాట తప్పెనని వారి అభియోగము.

తప్పెనా? 2008లో హెలర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ హక్కు వ్యక్తికి చెందినదనుచునే, అది హద్దులేనిది కాదనియు, నేరస్థులు ఆయుధము కలిగియుండరాదను నిషేధములకు తన తీర్పు అడ్డుకాదనియు చెప్పెను. మాంచిన్ వాగ్దానము చేయునాటికే ఆ హక్కునకు గల అర్థమిది. కావున పలికిన పలుకును బట్టి ఆయన మాట నిలుపుకొనెననియే మా అభిప్రాయము.

అయినను ఓటరు విన్నది పలుకును మాత్రమే కాదు, తుపాకి మ్రోతను కూడ. క్రొత్త కట్టుబాటు ఏదియు రాదని అతడు తలచియుండిన, ఆ తలపును కలిగించినది ఆ ప్రకటనయే. కైకకు వరమిచ్చిన దశరథునకు ఆమె ఏమి కోరనున్నదో తెలియదు. మాంచిన్‌కు తన శ్రోతలు ఏమి వినుచున్నారో తెలియకపోలేదు. ఆ లోపము ఆయనదే. తరువాత ఆయన దాగలేదనుట కూడ న్యాయము: తాను అసోసియేషను శాశ్వత సభ్యుడనే యైనను దాని వాషింగ్టన్ నాయకుల వెంట నడువనని, మరల తుపాకి పట్టుకొనియే, మరియొక ప్రకటనలో బదులు చెప్పెను.

2018లో అసోసియేషను ఆయన ప్రత్యర్థిని బలపరచెను. వెస్ట్ వర్జీనియా జనులు 3 శాతమునకు కొంచెము పైబడిన తేడాతో మాంచిన్‌నే మరల ఎన్నుకొనిరి. 2022 జూనులో, 21 ఏండ్లు నిండనివారు తుపాకి కొనునపుడు మరింత విచారణ జరుపవలెనను బిల్లు సెనేటులో 65–33 ఓట్లతో నెగ్గినపుడు అందులో ఆయన ఓటును కలదు. 2024లో ఆయన మరల పోటీచేయలేదు.