ఫోను మోసాలు – మన ఇంటి పెద్దలు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



“ఆన్‌లైన్ మోసాలకు పెద్దవయస్సు వారే ఎక్కువగా గురి అవుతున్నారా?” అన్న విషయముపై నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గము వారు నన్ను ఆదేశించారు. నేను ఉర్దూ మాధ్యమములో పిల్లలకు పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుడిని. పోలీసు శాఖ వాణ్ణి కాను, బ్యాంకు ఉద్యోగిని కాను. అయినా మన నందివాడ వంటి చోట పంతులు దగ్గరకు పిల్లల పుస్తకాలతో పాటు వాళ్ల ఇంటి పెద్దల ఫోన్లు కూడా వస్తాయి. “సార్, ఈ మెసేజి నిజమా, అబద్ధమా చూడండి” అంటారు. ఆ పరిచయముతోను, చదివి తెలుసుకున్న సంగతులతోను మీ ముందు నిలబడ్డాను.

ఈ ప్రశ్నకు చాలా ఇళ్లలో జవాబు సిద్ధముగా ఉంటుంది. “ముసలివాళ్లకేం తెలుసు? ఫోను వాడటం రాదు, అందుకే మోసపోతారు” అనేస్తారు. ఇది సగము కూడా నిజము కాదని ముందుగా మనవి చేస్తున్నాను.

మొదట కుర్రవాళ్ల సంగతే చూద్దాము. 2020 డిసెంబరులో హైదరాబాదులో బయటపడిన లోన్ యాప్‌ల వ్యవహారము మీకు జ్ఞాపకము ఉండే ఉంటుంది. తీసుకున్నది చిన్న అప్పు. ఆ మాత్రానికే ఫోనులో ఉన్న బంధుమిత్రుల నంబర్లన్నిటికీ అవమానకరమైన సందేశాలు పంపి వేధిస్తే, తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లు ముసలివాళ్లు కారు. 2023 జూలైలో హైదరాబాదు పోలీసులు 712 కోట్ల రూపాయల మోసాన్ని బయటపెట్టారు. ఇంట్లో కూర్చుని ఫోనులో రేటింగులు ఇస్తే చాలు, డబ్బు వస్తుందని ఆశ చూపించి, ముందు కొంచెము ఇచ్చి, తరువాత ఊడ్చేశారు. ఇటువంటి వలలు వేసేది పని కోసము ఫోనులో వెతుక్కునే చదువుకున్న వాళ్ల కోసమే గదా!

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ ఫిర్యాదులను వయస్సు వారీగా లెక్క కడుతుంది. 2023 లెక్కలలో, ఫిర్యాదు చేసిన 20–29 ఏండ్ల వారిలో నూటికి 44 మంది డబ్బు పోగొట్టుకున్నారు. 70–79 ఏండ్ల వారిలో నూటికి 25 మందే. అయితే పోయిన సొమ్ము చూడండి. మన బడి లెక్కల భాషలో మధ్యగతము అంటాము గదా, అది 20–29 ఏండ్ల వారికి 480 డాలర్లు, 80 దాటిన వారికి 1,450 డాలర్లు. అంటే కుర్రవాడు తరచుగా పడతాడు, కాని గుంటలో పడతాడు. పెద్దాయన అరుదుగా పడతాడు, పడితే నూతిలో పడతాడు.

ఎందుకిలా జరుగుతుంది? నాకు తోచిన కారణాలు మూడు.

మొదటిది, పెద్దల దగ్గర డబ్బు ఒకచోట కూడి ఉంటుంది. రిటైరైనప్పుడు వచ్చినది, చెరువు లీజుకు ఇస్తే వచ్చినది, కొడుకు కువైత్ నుండి పంపినది, మనుమరాలి పెండ్లికి దాచినది, హజ్జుకని ఏండ్ల తరబడి కూడబెట్టినది. కుర్రవాడు పోగొట్టుకున్నది మళ్లీ సంపాదించుకుంటాడు. డెబ్బై ఏండ్ల ఆమె హజ్జు డబ్బు పోతే మళ్లీ ఎప్పుడు కూడబెడుతుంది?

రెండవది, పరువు. పాతకాలపు మోసమొకటి చెబుతాను. బస్టాండులో ఒంటరిగా ఉన్న పెద్దావిడ దగ్గరకు దర్జాగా ఒకడు వచ్చి, “అమ్మా, మేము పోలీసులము. ముందర దొంగలున్నారు, నగలు తీసి రుమాలులో మూట కట్టుకోండి” అని, తానే మూట కట్టి ఇచ్చి పోతాడు. ఇంటికి వెళ్లి విప్పితే గులకరాళ్లు! ఇప్పుడు “డిజిటల్ అరెస్టు” అంటున్నది ఈ నకిలీ పోలీసు మోసమే. బస్టాండు నుండి వీడియో కాల్ లోకి వచ్చింది, అంతే తేడా. “మీ ఆధార్ మీద వచ్చిన పార్సెల్‌లో మత్తుమందులు దొరికాయి, మీ ఖాతాలో ఉగ్రవాదుల డబ్బు ఉంది, ఎవరికీ చెప్పవద్దు, కెమెరా ముందు నుండి కదలవద్దు” అంటారు. జీవితములో ఎన్నడూ పోలీసు స్టేషను మెట్లు ఎక్కని మనిషే ఈ మాటకు ఎక్కువగా వణుకుతాడు. మన ముసల్మాను ఇళ్లలో “ఉగ్రవాదము” అన్న మాట వింటే ఎంతటి నిర్దోషికైనా గుండె జారుతుంది. ఆ భయము మోసగాడికి బాగా తెలుసు.

చదువు లేనందువల్ల భయపడ్డారని అనుకోవద్దు. వర్ధమాన్ వస్త్ర పరిశ్రమల అధిపతి ఎస్.పి. ఓస్వాల్ గారు పద్మభూషణ్ బిరుదు పొందినవారు. 2024 ఆగస్టులో, 82 ఏండ్ల వయస్సులో, ఫోనులో నకిలీ సుప్రీం కోర్టు విచారణ నడిపి ఆయన చేత 7 కోట్లు పంపించుకున్నారు. అంబాలాలో ఒక వృద్ధ దంపతులకు దొంగ సుప్రీం కోర్టు ఉత్తర్వులు చూపించి కోటికి పైగా దోచుకున్నారు. ఆ ఫిర్యాదు చూసి 2025 అక్టోబరులో నిజమైన సుప్రీం కోర్టే తనంతట తాను కేసు చేపట్టింది. డిసెంబరులో దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. మన చట్టములో డిజిటల్ అరెస్టు అన్నదే లేదని ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబరు 27న రేడియోలో చెప్పారు. ఈ ఒక్క వాక్యము ప్రతి ఇంట్లో పెద్దలకు కంఠస్థము కావాలి.

మూడవది ఒంటరితనము. పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫులోనో ఉంటారు. పగలంతా ఇంట్లో పెద్దవాళ్లు, ఫోను. మంచి తెలుగులో, “అమ్మా” అని మర్యాదగా పలకరించే గొంతు వినిపిస్తే నమ్మరా? ఆ తెలుగు ఎక్కడనుండి వస్తుందో వినండి. ఉద్యోగాలని చెప్పి మన రాష్ట్ర యువకులను కంబోడియాకు తీసుకుపోయి, ఇటువంటి మోసాలు చేసే పనిలో నిర్బంధముగా పెట్టారని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. అవతలి గొంతు మన తెలుగు కుర్రవాడిదే కావచ్చు. వాడూ చెరలో ఉన్నవాడే కావచ్చు.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. ఒకరోజు మా తరగతిలో పిల్లలను అడిగాను, “మీ ఇళ్లలో ఎవరికైనా ఫోనులో డబ్బు పోయిందా?” అని. ఒక్క చెయ్యీ లేవలేదు. గంట కొట్టాక ఒక పిల్లవాడు వెనక ఉండిపోయి మెల్లగా అన్నాడు: “మా నానీ డబ్బు పోయింది సార్. మామూకు తెలిస్తే కేకలేస్తాడని ఎవరికీ చెప్పొద్దంది.” ఎన్నాళ్లయిందిరా అంటే, రంజాను ముందు అన్నాడు. అప్పటికి బక్రీదు కూడా వెళ్లిపోయింది.

అయ్యా, ఆ ముసలమ్మను మోసగాడు ఒక్కసారే దోచాడు. కాని ఆ సొమ్ము తిరిగి వచ్చే దారిని మూసినది మన కేకల భయము.

ఈ దారి ఎలా పనిచేస్తుందో చెబుతాను. పోయిన డబ్బు ఒక ఖాతాలో నిలవదు. నిమిషాల మీద ఒక ఖాతా నుండి ఇంకొక ఖాతాకు, అక్కడనుండి పది ఖాతాలకు పోయి చివరకు నగదుగా మారిపోతుంది. 1930 నంబరుకు వెంటనే ఫోను చేస్తే, డబ్బు వెళ్లిన బ్యాంకులకు కబురు పోయి, ఇంకా ఖాతాలో మిగిలి ఉన్నంత వరకు ఆపగలుగుతారు. మొదటి గంటలో చెప్పినదానికి, మూడు నెలల తరువాత చెప్పినదానికి తేడా అంతా ఇక్కడే ఉంది. ఓస్వాల్ గారికి కూడా ఫిర్యాదు చేసిన తరువాతనే 5 కోట్ల 25 లక్షలు తిరిగి వచ్చాయి. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులరులో కూడా ఇదే సూత్రము. ఖాతాదారుడు తానే ఓ.టి.పి. చెప్పి పోగొట్టుకున్నా, బ్యాంకుకు తెలియజేసిన క్షణము తరువాత జరిగే నష్టము బ్యాంకుదే. చట్టము కూడా “తప్పు నీదా?” అనడముతో ఆగలేదు, “ఎప్పుడు చెప్పావు?” అని కూడా అడుగుతున్నది.

సూర బఖరాలో అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని ఆదేశము ఉన్నది మీకు తెలుసు. డబ్బు చేయి మారేటప్పుడు మూడో మనిషి ఉండాలన్నది మనకు కొత్త సంగతి కాదు. మోసగాడు మొట్టమొదట చేసేది ఆ మూడో మనిషిని తీసేయడమే. “ఎవరికీ చెప్పవద్దు” అన్న మాట వినబడగానే అది మోసమని తెలుసుకోవాలి.

అందుచేత ఈ సభలో నాలుగు విన్నపాలు చేసుకుంటున్నాను.

ఒకటి. డబ్బు పోయిందని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినరోజు ఎవరూ కేకలేయకూడదు, ఫోను లాక్కోకూడదు. “మంచిపని చేశారు, చెప్పారు” అని ముందు 1930కి ఫోను చేయండి, తరువాత బ్యాంకుకు చెప్పండి.

రెండు. పెద్దల డబ్బును రెండు ఖాతాలుగా పెట్టండి. ఫోనుతో చెల్లించేది నెల ఖర్చుల ఖాతా నుండి మాత్రమే. దాచుకున్నది వేరే ఖాతాలో, ఫోనుతో సంబంధము లేకుండా ఉండాలి. పెండ్లి పత్రిక అని, పి.ఎం. కిసాన్ అని, చలానా అని వాట్సాప్‌లో వచ్చే ఏ.పి.కె. ఫైలును ఎవరు పంపినా తెరవవద్దని చెప్పండి.

మూడు. యువకులారా, కమీషను ఇస్తామంటే మీ బ్యాంకు ఖాతాను ఎవరికీ అద్దెకు ఇవ్వకండి. ఏ నానీ డబ్బో ఆ ఖాతాలో నుండే పోతుంది. పోలీసులు ముందుగా వచ్చేది మీ ఇంటికే.

నాలుగు. జుమా నమాజు తరువాత ఒక గంటసేపు, చదువుకున్న ఇద్దరు పిల్లలు సంఘము తరఫున కూర్చోవాలి. పెద్దలు తమ ఫోన్లు తెచ్చి చూపించుకుంటారు. ఆడవారి కోసము ఒక టీచరమ్మ వేరుగా కూర్చుంటే మరీ మంచిది. అడిగినది బయట చెప్పకూడదు. అది అమానత్. ఈ పనికి సంఘానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

పెద్దవాళ్లు ఎక్కువగా మోసపోతున్నారా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది: ఎక్కువగా కాదు, ఎక్కువ లోతుగా. ఆ లోతు వారి వయస్సు వల్ల కొంత, మన ఇళ్లలో వారు నోరు విప్పలేకపోవడము వల్ల ఎక్కువ. వయస్సును మనము తగ్గించలేము. రెండవది మన చేతిలోనే ఉంది.

నాలుగవ విన్నపాన్ని ఈరోజే తీర్మానముగా ఆమోదించవలసిందిగా కార్యవర్గమును కోరుతున్నాను.