పత్రి చెప్పే వైద్యం
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన మూలికా వైద్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గం వారు నన్ను కోరారు. ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండు రకాల అభిప్రాయాలు వినబడుతూ ఉంటాయి. మన పూర్వులకు తెలియనిది లేదు, ప్రతి జబ్బుకూ మన పెరట్లోనే మందు ఉన్నది అనేది ఒకటి. అదంతా పాతకాలపు చాదస్తం అనేది రెండవది. ఈ రెండు మాటలూ అనడం తేలికే. వాటిని పక్కన పెట్టి, మనందరికీ తెలిసిన ఒక పూజను ఆధారం చేసుకొని మాట్లాడదలచుకొన్నాను. అది వినాయక చవితినాడు చేసే ఏకవింశతి పత్ర పూజ.

ఏటేటా ఆ 21 పత్రాల పేర్లు చదువుతాం. అవి సంస్కృత నామాలు. వాటి వెనుక మనం ఎరిగిన తెలుగు చెట్లు ఉన్నాయి. బిల్వమంటే మారేడు, దూర్వ అంటే గరిక, బదరి అంటే రేగు, అపామార్గం ఉత్తరేణి, సింధువారం వావిలి, దాడిమి దానిమ్మ, శమి జమ్మి, అర్జునం మద్ది, అశ్వత్థం రావి. పల్లెటూళ్ళలో చవితికి ముందురోజు పిల్లలు చేలగట్ల వెంటా, చెరువుగట్ల వెంటా తిరిగి వీటిని కోసుకువచ్చేవారు. "ఇది కాదురా, ఉత్తరేణి అంటే గింజలు బట్టలకు అంటుకొనేది" అని పెద్దవాళ్ళు సరిదిద్దేవారు. పూజ ఉద్దేశం భక్తే. అయినా దానివల్ల బడికి వెళ్ళని పిల్లవాడికి కూడా ఇరవై మొక్కల ఆనవాళ్ళు తెలిసేవి.

ఈ ఆకుల చెట్లలో చాలా భాగం ఇంటి వైద్యంలో వాడుకలో ఉన్నవే. విరేచనాలు పట్టుకొంటే పూర్తిగా పండని మారేడుకాయ గుజ్జు, దానిమ్మ తొక్కల కషాయం ఇచ్చేవారు. బాలింతరాలికి వావిలాకు వేసి మరిగించిన నీళ్ళు పోసేవారు. ఉత్తరేణి వేరుతో పళ్ళు తోముకొనేవారు. మద్దిచెక్కను ఆయుర్వేదం గుండె జబ్బులకు చెప్పింది. తులసి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఇదే పత్రిలో మరి మూడు పేర్లు ఉన్నాయి. దత్తూరం, కరవీరం, అర్కం. అంటే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు. ఈ మూడూ విషపు మొక్కలు. గన్నేరులో ఆకు, పువ్వు, వేరు అన్నీ గుండె మీద పనిచేసే విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే కంటికి ప్రమాదం. ఇంటింటా మారేడు పక్కనే ఉమ్మెత్తను పెట్టి పూజ చేసినవాళ్ళకు, ఏది కడుపులోకి పోవచ్చునో, ఏది దేవుడి పాదాల దగ్గరే ఆగిపోవాలో స్పష్టంగా తెలుసు. నేను చెప్పదలచుకొన్న అసలు మాట ఇదే. మన మూలికా వైద్యంలో బలమంతా మొక్కను గుర్తుపట్టడంలోనూ, దాని హద్దు తెలియడంలోనూ ఉన్నది. ఆ తెలివి పోయి ఆకు మీద భక్తి మాత్రమే మిగిలితే అది వైద్యం కాదు, ప్రమాదం.

ఉమ్మెత్తనే తీసుకోండి. మనం ఉంటున్న ఈ అమెరికాలోనే 1676లో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో తిరుగుబాటు అణచడానికి వచ్చిన సైనికులు ఉమ్మెత్త జాతి ఆకును కూరగా వండుకొని తిని, కొన్ని రోజులపాటు మతి చలించి తిరిగారని చరిత్రలో వ్రాశారు. ఆ మొక్కకు ఇక్కడ ఆ ఊరి పేరే స్థిరపడింది. అదే ఉమ్మెత్త జాతి మొక్కల్లో అట్రోపిన్ అనే పదార్థం ఉన్నది. పురుగుమందు తాగి ఆసుపత్రికి వచ్చిన రైతును బతికించడానికి మన జిల్లా ఆసుపత్రులలో ఎక్కించే మందు ఆ అట్రోపినే. ఆకు ఒకటే, పదార్థం ఒకటే. విషమూ మందూ వేరయ్యేది మోతాదు దగ్గర.

ఇక పేర్ల సంగతి. తెలుగువాడు మొక్కలకు పేర్లు పెట్టడంలో ఎంతో విచక్షణ చూపాడు. వేప ఒకటి, కరివేప ఒకటి, తురకవేప ఒకటి, నేలవేము ఒకటి. పేరులో పోలిక ఉన్నా నాలుగూ వేర్వేరు మొక్కలు. కరివేపాకు రోజూ పోపులో వేసుకొంటాం. తురకవేప కాయలు తింటే విషం. ఉసిరి, రాచ ఉసిరి, నేల ఉసిరి కూడా అంతే. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు కూడా అంతే. ముందున్న ఆ చిన్న మాట జారిపోతే మందు మారిపోతుంది. మన పిల్లలకు "వేప" అన్న మాట మాత్రమే మిగిలి, "తురక", "నేల" అనే విశేషణాలు పోయాయనుకోండి, వాళ్ళ చేతికి మనం ఇచ్చింది సగం తాళంచెవి.

బిళ్ళగన్నేరు కథ మరీ ముఖ్యమైనది. ఈ దేశపు నర్సరీలలో వింకా అనే పేరుతో అమ్మేది అదే. మీలో చాలామంది ఇళ్ళ ముందు వేసవిలో పూస్తూ ఉంటుంది. దాని పుట్టిల్లు మడగాస్కర్ ద్వీపం. అనేక దేశాలలో దాని ఆకు కషాయం మధుమేహానికి మంచిదని నమ్మారు. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు జమైకా నుండి వచ్చిన ఆకులతో ఆ సంగతి పరీక్షించారు. ఎలుకలలో చక్కెర తగ్గలేదు గాని తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయి. ఆ దారినే వెళ్ళి 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. తరువాత అదే మొక్క నుండి విన్‌క్రిస్టిన్ వచ్చింది. నెత్తురు కేన్సరు వచ్చిన పిల్లలకు నేటికీ ఇచ్చే మందులలో అది ఒకటి. చూడండి, జనం నమ్మిక ఒక గొప్ప మందుకు దారి చూపింది. అదే సమయంలో, చక్కెర తగ్గుతుందని రోజూ పొద్దున్నే ఆ ఆకులు నమలడం ఎంత ప్రమాదమో కూడా చూపింది. ఈ రెండు మాటలూ కలిపి చెప్పినప్పుడే నిజం చెప్పినట్టు.

వస సంగతి మీకు తెలుసు. గడగడా మాట్లాడే పిల్లవాణ్ణి వసపిట్ట అంటాం. మాటలు త్వరగా వస్తాయని పసిబిడ్డకు వసకొమ్ము చనుబాలలోనో, తేనెలోనో అరగదీసి నాలుకకు రాసే ఆచారం మన ఇళ్ళలో ఉన్నది. కాని వస నూనెతో ఎలుకలలో కంతులు పుట్టాయని తేలి, 1968లో అమెరికా ప్రభుత్వం వసను ఆహార పదార్థాలలో వాడరాదని నిషేధించింది. ఇక ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదని ఇక్కడి పిల్లల వైద్యులందరూ చెబుతారు. బాట్యులిజం అనే వ్యాధి క్రిములు తేనెలో ఉండవచ్చు. పెద్దవాళ్ళ కడుపు తట్టుకొంటుంది, పసికడుపు తట్టుకోలేదు. ఊరి నుండి పురిటికి వచ్చే అమ్మమ్మలు, నాయనమ్మలు ఎంతో ప్రేమతో కొమ్ము మూట కట్టుకొని వస్తారు. వారిని చిన్నబుచ్చకుండా ఈ మాట చెప్పవలసిన బాధ్యత మన మీద ఉన్నది. బాలింతకు శొంఠి, వాము, వెల్లుల్లి వేసి పథ్యం వండిపెట్టమనండి. వారి చేతికి కావలసినంత పని ఉన్నది!

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. దూరం వచ్చాక పెరటి చెట్టు విలువ తెలుస్తుంది. 1995లో గాయాలకు పసుపు వాడే పద్ధతి మీద ఈ దేశంలో ఒక పేటెంటు ఇచ్చారు. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి అభ్యంతరం చెప్పగా 1997లో అది రద్దయింది. మా అమ్మమ్మకు తెలుసు అంటే అక్కడ చెల్లలేదు. అచ్చులో ఉన్న పాత ఆధారాలు చూపవలసి వచ్చింది. ఆ అనుభవం తరువాతనే 2001లో సంప్రదాయ విజ్ఞానాన్ని గ్రంథాల నుండి తీసి భద్రపరిచే పెద్ద ప్రయత్నం భారతదేశంలో మొదలయింది. గ్రంథాలలో ఉన్నది అలా దక్కింది. మన ఇళ్ళలో నోటిమాటగా ఉన్నదాన్ని దక్కించుకోవలసినవారు మనమే.

అందుచేత మీకు నా మనవి మూడు మాటలలో చెబుతాను. మొదటిది, మీ ఇంట్లో పెద్దవారు ఉంటే వారి చిట్కాలను ఒక పుస్తకంలో వ్రాసిపెట్టండి. మొక్క పూర్తి తెలుగు పేరు, వృక్షశాస్త్రం వారి లాటిన్ పేరు, వాడేది ఆకా వేరా గింజా, ఎంత, ఎన్ని రోజులు, ఎవరికి ఇవ్వరాదు, ఇవన్నీ వ్రాయండి. ఆఖరిది మరీ ముఖ్యం. రెండవది, మీరు తీసుకొనే కషాయం సంగతి మీ డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. చక్కెర వ్యాధికి మాత్రలు వేసుకొంటూ కాకరరసం కూడా తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు. ఆయన తిడతారని దాచుకొనే విషయం కాదది. మూడవది, వచ్చే వినాయక చవితికి దొరికిన ఆకునల్లా పత్రి అనుకోక, పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, దొరికిన నాలుగు ఆకులనైనా పేరుపేరునా చూపించండి. గరిక, తులసి, దానిమ్మ, మామిడి ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. కాలిఫోర్నియాలో రహదారుల మధ్య బారులు తీరి పూసే చెట్టు మన కరవీరమేనని, దాన్ని చూడాలే గాని నోట పెట్టుకోరాదని చెప్పండి.

అలా చేస్తే పూజా జరుగుతుంది, పాఠమూ జరుగుతుంది.